పంపు పారేయకు తమ్ముడూ, ముందు ఆయిల్ చూడు

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. సంగమేశ్వరం వైపు శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో తిరిగే బోటు. దానికి పాత అంబాసిడర్ డీజిల్ ఇంజను ఎక్కించారు. పొద్దున ఒక్క సెల్ఫుకే స్టార్ట్ అవుతుంది. ఒడ్డు పక్కన నెమ్మదిగా పోయినంతసేపు ఏ తకరారూ లేదు. నడిమధ్యకు పోయి రేస్ పెంచితే మాత్రం పది నిమిషాల్లో దగ్గి దగ్గి ఆగిపోతుంది. డీజిల్ పంపుకున్న చేతి లివరు ఇరవై ముప్పై సార్లు కొడితే మళ్లీ లేస్తుంది. మెకానిక్కేమో "ఈ పంపు ఇప్పుడు దొరకదు, పీకేసి కరెంటు పంపు పెట్టుకో" అన్నాడట. ఏం చేయాలన్నా అని అడిగాడు. ఆఖర్లో మాటవరసకు ఇంకో ముక్క రాశాడు: "ఆయిల్ మాత్రం తగ్గట్లేదన్నా, ఇంకా కొంచెం ఎక్కువే చూపిస్తాంది."

ఈ ఆఖరి మాట నువ్వు మంచి కబురులాగా రాశావు తమ్ముడూ. నాకు భయమేసింది అక్కడే. నడిచే ఇంజనులో ఆయిల్ తగ్గొచ్చు, ఉన్నచోటే ఉండొచ్చు. పోయకుండానే పెరిగిందంటే అందులో ఇంకేదో వచ్చి కలుస్తోందన్నమాట.

అందుకే జవాబు ముందే చెప్పేస్తా. ఆయిల్ సంగతి తేలేదాకా ఆ ఇంజను స్టార్ట్ చేయొద్దు. నీ పంపులో డయాఫ్రం, అంటే లోపల కిందికీ పైకీ ఆడే రబ్బరు పొర, చిరిగి ఉండే అవకాశమే ఎక్కువ. పంపు బాడీ, లోపలి ఆర్మ్, దాని పిన్ను బాగుంటే పంపు పారేయాల్సిన పని లేదు. డయాఫ్రం, వాల్వులు, ప్యాకింగులు ఉండే కిట్ వేస్తే అదే పంపు ఇంకా ఏళ్లపాటు పనిచేస్తుంది. పాత ఆయిల్ మొత్తం దించి, ఆయిల్ ఫిల్టరు మార్చి, ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి. కరెంటు పంపు పెట్టడం తప్పు కాదు. కానీ చిరిగిన పాత పంపును లైన్లో అట్లే ఉంచి దానికి ముందు కరెంటు పంపు పెడితే ఇంజను చేతులారా పాడు చేసుకున్నట్టే.

నేను కర్నూలులో డీజిల్ పని పట్టి ముప్పై ఏళ్లు దాటింది. లారీలు, బోరు బండ్ల కంప్రెసర్లు, కేసీ కెనాలు కింద రైతుల ఆయిల్ ఇంజన్లు చేశాను. ఆత్మకూరు, కొత్తపల్లి వైపు నుంచి బోటు ఇంజన్లు కూడా వస్తుంటాయి. ఈ పంపులు ఎన్ని విప్పి ఉంటానో లెక్క లేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, నీకే కాదు, రేవులో మిగతా బోట్ల వాళ్లకూ పనికొస్తుందని.

ముందు నీ ఇంజను గురించి ఒక మాట. అంబాసిడర్‌లో వచ్చిన 1489 సీసీ డీజిల్ ఇంజను ఇంగ్లండు బీఎంసీ డిజైను. అక్కడ కాలువల్లో తిరిగే సన్నటి పొడుగు పడవల్లో ఇదే ఇంజను చాలా ఏళ్లు వాడారు. కాబట్టి కారు ఇంజను బోటుకు పనికిరాదు అనేవాళ్ల మాట పట్టించుకోకు. ఇంజను పక్కన బ్లాకుకు బిగించి ఉన్న ఆ చిన్న పంపునే మేం ఏసీ పంపు అంటాం, కంపెనీ పుస్తకాల్లో లిఫ్ట్ పంపు అని ఉంటుంది. ట్యాంకులోంచి డీజిల్ పీల్చి ఫిల్టరు మీదుగా పెద్ద పంపుకు అందించడమే దాని పని. ఇంజను లోపలికి డీజిల్ చిమ్మే నాజిళ్లకు ప్రెషరుతో కొట్టేది పెద్ద పంపు. ఆ డిజైన్లో అది సీఏవీ డీపీఏ రకం రోటరీ పంపు.

ఏసీ పంపు ఎట్లా పనిచేస్తుందో అర్థమైతే సగం రిపేరు అయిపోయినట్టే. ఇంజను లోపల తిరిగే కామ్ షాఫ్టు అనే కడ్డీ మీద ఒక గుడ్డు ఆకారం ముక్క ఉంటుంది. అది తిరిగేటప్పుడు పంపు ఆర్మ్‌ను తోస్తుంది. ఆర్మ్ డయాఫ్రంను కిందికి లాగుతుంది. అప్పుడు ఒక వాల్వు తెరుచుకుని డీజిల్ లోపలికి వస్తుంది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. తెలియంది తర్వాతది. డీజిల్‌ను బయటికి తోసేది ఇంజను కాదు, డయాఫ్రం కింద ఉన్న స్ప్రింగు. ఫిల్టరు, పెద్ద పంపు నిండుగా ఉంటే స్ప్రింగు తోయలేక డయాఫ్రం కిందనే ఉండిపోతుంది, ఆర్మ్ ఊరికే ఆడుతుంటుంది. డీజిల్ ఖర్చయిన కొద్దీ డయాఫ్రం పైకి వస్తుంది. అంటే ఎంత కావాలంటే అంతే ఇస్తుంది, ప్రెషరు మాత్రం స్ప్రింగు బలాన్ని బట్టి ఉంటుంది. ప్రెషరు పెరగాలని స్ప్రింగును లాగి సాగదీసేవాళ్లను చూశాను. నాలుగు రోజులు బాగున్నట్టే ఉంటుంది, తర్వాత డయాఫ్రం పోతుంది. ఆ పని చేయొద్దు.

నీ బోటు నెమ్మదిగా పోతే బాగుండి, రేస్ పెంచితే ఎందుకు ఆగుతోందో కూడా ఇందులోనే ఉంది. డీపీఏ పంపులో సొంతంగా పీల్చుకునే చిన్న రెక్కల పంపు ఒకటి ఉంటుంది. ఏసీ పంపు నీరసించినా, తక్కువ స్పీడులో అదే ఎట్లోకట్ల గుంజుకుని నెట్టుకొస్తుంది. లోడు పడితే చాలదు. అందుకే ఒడ్డు దగ్గర పరీక్ష చేస్తే అంతా బాగున్నట్టే కనబడి, నడినీళ్లలో మోసం చేస్తుంది. ఇంకో సంగతి, డీపీఏ పంపుకు డీజిలే ఆయిలు. డీజిల్ చాలక, గాలి బుడగలతో తిరిగిందంటే లోపల రాసుకుపోతుంది. చిన్న పంపు రిపేరు వాయిదా వేస్తే పెద్ద పంపు ఖర్చు మీద పడుతుంది.

ఇక పరీక్షలు. పానా పట్టుకోకముందే చేయాల్సినవి.

ఆయిల్. బోటు నిలకడగా, సమంగా ఉన్నప్పుడు ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి చూడు. పై గీత దాటి ఉంటే వేలికి రాసుకుని వాసన చూడు. డీజిల్ వాసన దాచినా దాగదు. వేళ్ల మధ్య రుద్దితే జిగట లేకుండా నీళ్లలా జారిపోతుంది. ఒక తెల్ల కాగితం మీద చుక్క వేసి గంట వదిలేయి. నల్ల చుక్క చుట్టూ పల్చటి తడి వలయం వెడల్పుగా పాకితే డీజిల్ కలిసినట్టే. అట్లా కాకుండా ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే అది నీళ్లు, దాని కథ వేరు. హెడ్ గ్యాస్కెట్టో, కూలింగ్ వైపో వెతకాలి. పంపు జోలికి రావద్దు.

డీజిలే అని తేలినా తప్పంతా ఏసీ పంపుదే అనుకోకు. పెద్ద పంపు షాఫ్టు సీలు పోయినా డీజిల్ లోపలికే దిగుతుంది. రెండిట్లో ఏదో తేల్చడానికి నేను చేసే పని ఇది: ఏసీ పంపు బోల్టులు విప్పి, పైపులు మాత్రం తీయకుండా, పంపును బ్లాకు నుంచి బయటికి జరుపుతా. కింద శుభ్రమైన ఎండు గుడ్డ పట్టి చేతి లివరు యాభై సార్లు కొడతా. ఆర్మ్ వైపు నుంచి డీజిల్ చుక్క పడిందా, దొంగ దొరికినట్టే. ఎండుగా ఉంటే పెద్ద పంపు సీలు చూడాలి. పైపులు ఇనుపవైతే బలవంతంగా వంచొద్దు, విరుగుతాయి. మధ్యలో చిన్న రబ్బరు పైపు ముక్క తగిలించుకో.

కొన్ని పంపులకు బాడీ కింద సన్నటి బెజ్జం ఉంటుంది. డయాఫ్రం చిరిగితే డీజిల్ ఆ బెజ్జంలోంచి బయటికి కారి మనకు తెలియాలని పెట్టింది. ఆ బెజ్జం మట్టితో, గ్రీజుతో మూసుకుపోతే డీజిల్ ఇంజను అడుగున ఉండే ఆయిల్ చాంబర్లోకి పోతుంది. ఒకసారి నా దగ్గరికి వచ్చిన పంపుకు ఆ బెజ్జాన్ని ఎం-సీల్‌తో అతికించి ఉన్నారు, "లీకు ఆపినాం" అని. లీకు ఆగలేదు, దారి మార్చుకుని ఇంజనులోకి పోయింది. మెయిన్ బేరింగులు అరిగి రాగి రంగు తేలాయి. ఇంజను ప్రధాన షాఫ్టు, అదే క్రాంకు, గ్రైండింగుకు పోవాల్సి వచ్చింది. డయాఫ్రం కిట్‌తో పోయేది ఇంజను పూర్తిగా ఇప్పేదాకా వచ్చింది. ఆ బోటు మీద ఆధారపడ్డ కుటుంబం రెండు నెలలు ఖాళీగా కూర్చుంది. నాకు ఇప్పటికీ ఆ ఇంటాయన ముఖం గుర్తుంది.

ఆయిల్ పెరిగితే స్టార్ట్ చేయొద్దని అంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. చాంబర్లో మట్టం మరీ పెరిగితే ఆ ఆయిలు డీజిలు కలిసి బ్రీదరు (చాంబర్లోని ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా ఇంజను పీల్చుకునే గాలిలోకి పోతాయి. అప్పుడు ఇంజను దాన్నే మండించుకుని స్పీడు ఎత్తుకుంటుంది. స్టాప్ లాగినా ఆగదు. లారీకైతే గేరు వేసి బ్రేకు మీద ఆపొచ్చు. బోటుకు ఆ వసతి లేదు. గాలి పీల్చే నోరు మూయడం ఒక్కటే దారి. నీళ్ల మధ్య మనుషులను ఎక్కించుకుని ఉండగా అది జరగకూడదు.

ట్యాంకు వైపు గాలి. ఆయిల్ బాగుంటే అప్పుడు ఇది చూడు. ట్యాంకు నుంచి ఏసీ పంపు దాకా ఉన్న పైపులో డీజిల్ పీల్చబడుతుంది, తోయబడదు. కాబట్టి అక్కడ చీలిక ఉంటే డీజిల్ కారదు, గాలి లోపలికి పోతుంది. బయట ఎండుగా కనిపిస్తుంది గనక ఎవరూ అనుమానించరు. బోట్లలో లెవెలు పట్టే తెల్ల ప్లాస్టిక్ పైపు వాడతారు చూడు, అది ఎండకు, డీజిల్‌కు పసుపుపచ్చగా మారి కర్రలాగా గట్టిపడుతుంది. క్లిప్పు దగ్గర పగులుతుంది. కొత్త పంపు తెచ్చి వేసి, అయినా ఆగుతోందని నా దగ్గరికి వచ్చిన వాళ్లలో చాలామందికి తప్పు ఆ మూరెడు పైపుదే.

దీన్ని పట్టడానికి డబ్బా పరీక్ష చేస్తాం. శుభ్రమైన డీజిల్ ఉన్న ఐదు లీటర్ల డబ్బాలోకి కొత్త రబ్బరు పైపు వేసి, రెండో కొస పంపు ఇన్‌లెట్‌కు తగిలించి నడపాలి. బాగా నడిస్తే పంపు మంచిదే, ట్యాంకు వైపు తప్పు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, చాలామంది తప్పేది ఇక్కడే. డబ్బాను పంపు కన్నా కింద పెట్టాలి. పైన పెడితే డీజిల్ దానంతటదే వాల్వుల గుండా జారి వస్తుంది, చచ్చిన పంపు కూడా పరీక్షలో పాసవుతుంది. డయాఫ్రం చిరిగి ఉంటే ఇంజను ఆపినా సరే డబ్బాలో డీజిల్ రాత్రంతా ఆయిల్ చాంబర్లోకి దిగుతుంది. పంపు పనిచేయట్లేదని బోటు కర్రకు డబ్బా ఎత్తుగా కట్టి నడిపేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

చేతి లివరు. లివరు కొడుతుంటే వదులుగా, బరువు లేకుండా ఆడుతోందా? వెంటనే పంపు పోయిందనుకోవద్దు. ఇంజను ఆగినప్పుడు కామ్ ముక్క ఎత్తు భాగం ఆర్మ్ మీదే ఆగి ఉంటే డయాఫ్రం అప్పటికే కిందికి లాగి ఉంటుంది. ఇక చేత్తో లాగడానికి ఏమీ మిగలదు. క్రాంకు పుల్లీ పట్టుకుని ఇంజనును ఒక చుట్టు తిప్పు. కామ్ షాఫ్టు అందులో సగమే తిరుగుతుంది గనక ఎత్తు భాగం అవతలికి పోతుంది. లివరుకు బరువు తగులుతుంది.

ఒకసారి ముసలిమడుగు దగ్గర ఒక జాలరి బోటు ఎండలో ఆగిపోయి ఉంటే వెళ్లాను. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి నీళ్ల ఒడ్డున గుడిసె వేసుకున్న కుటుంబం. పంపు కోసమని కర్నూలుకు మనిషిని పంపబోతున్నారు. డీజిల్ అయిపోయి గాలి పట్టింది, అంతే. ఇంజను ఒక చుట్టు తిప్పి లివరు కొడితే పది దెబ్బలకు ఫిల్టరు నిండింది. వాళ్ల రోజు సంపాదన, పంపు డబ్బులు రెండూ మిగిలాయి.

పంపు సత్తువ. అవుట్‌లెట్ పైపు విప్పి సీసాలోకి పెట్టి సెల్ఫు కొట్టించు. క్రాంకు రెండు చుట్లకు ఒకసారి చొప్పున డీజిల్ బలంగా ఎగిరి పడాలి. చుక్కలు చుక్కలుగా వస్తే చాలదు. పంపు బయట ఉంటే ఇన్‌లెట్‌కు బొటనవేలు గట్టిగా అదిమి నాలుగైదు సార్లు లివరు కొట్టి వేలు తీయి. గాలి పీల్చిన చప్పుడు స్పష్టంగా వినిపించాలి. గేజి ఉన్నవాళ్లు ప్రెషరు చూసుకోవచ్చు. ఈ రకం డీజిల్ పంపులు చాలావాటిలో ఐదారు పీఎస్‌ఐ అటూఇటూగా ఉంటుంది, కచ్చితమైన లెక్కకు నీ పంపు మాన్యువలే ప్రమాణం. నేను అంకె కన్నా ఎక్కువ చూసేది అది నిలబడటం. సెల్ఫు ఆపాక ముప్పై సెకన్ల లోపే ప్రెషరు సగానికి పడిపోతే వాల్వో డయాఫ్రమో లీకు.

సరే, పంపే పోయిందని తేలింది. ఇక విప్పడం.

బయట మురికి డీజిల్‌తో కడిగి తుడిచాకే విప్పు. పై భాగం, కింది భాగం కలిసే చోట ఆకురాయితో నిలువుగా ఒక గీత పెట్టు. ఇది మరిస్తే మళ్లీ బిగించేటప్పుడు ఇన్‌లెట్, అవుట్‌లెట్ దిక్కు మారి పైపులు అందవు. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా వదులు చేయి. పై భాగం వచ్చాక డయాఫ్రం కనబడుతుంది. మధ్యలో దాని కడ్డీ ఆర్మ్ కొక్కేనికి తగులుకుని ఉంటుంది. డయాఫ్రంను చేత్తో కిందికి నొక్కి పావు చుట్టు తిప్పితే ఊడొస్తుంది. లాగొద్దు. కింద స్ప్రింగు ఉంటుంది, కడ్డీ చుట్టూ ఉండే ఆయిల్ సీలు కూడా కొన్నిట్లో ఉంటుంది. ఏది ఏ వరసలో వచ్చిందో ఫోనులో ఫోటో తీసి పెట్టుకో.

డయాఫ్రంను వెలుతురుకు ఎదురుగా పట్టి, అంచు వెంబడి కొద్దిగా సాగదీసి చూడు. చిరుగు మధ్యలో ఉండదు, మడత పడే వలయం దగ్గరే ఉంటుంది. కంటికి కనపడకపోయినా, రబ్బరు గట్టిపడి గలగలమంటే మార్చాల్సిందే. కొత్త కిట్ ప్యాకెట్టు విప్పాక పాత డయాఫ్రం తిరిగి వేసే ఆలోచన పెట్టుకోవద్దు.

వాల్వులు రెండూ ఒకే రకంవే, తిరగేసి పెట్టి ఉంటాయి. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. అటుదిటు వేస్తే పంపు అస్సలు పీల్చదు. వేసే ముందు నోటితో ఊది, పీల్చి చూసుకో, ఒకవైపే గాలి పోవాలి. పాత వాల్వు సీటులో చిన్న తుప్పు రవ్వ ఇరుక్కుని ఉండటం మామూలే. ఒక్కోసారి కొత్త కిట్ కూడా అక్కర్లేకుండా ఆ రవ్వ తీసి కడిగితే పంపు లేస్తుంది. జాలి, మూత కింది ప్యాకింగు చూడు. ఆ మూత ప్యాకింగు ఎండిపోయినా గాలి పడుతుంది.

ఆర్మ్ పిన్ను సంగతి చాలామంది వదిలేస్తారు. ఆర్మ్ పట్టుకుని పక్కలకు ఆడించి చూడు. పిన్ను అరిగి వదులుగా ఉంటే, కామ్ తోసే తోపులో చాలా భాగం ఆ వదులులోనే పోతుంది. అప్పుడు ఎంత మంచి డయాఫ్రం వేసినా డీజిల్ చాలదు. ఆర్మ్ కొస కామ్‌కు రాసుకునే చోట గాడి పడితే కూడా అంతే. ఈ రెండూ అరిగి ఉంటే మాత్రం మీ మెకానిక్ మాటే నిజం, పంపు మార్చాలి. అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది గనక షోరూముల్లో వెతకొద్దు. పాత పంపు చేతిలో పట్టుకుని పాత స్పేర్ల దుకాణాలకు పో. బోల్టు బెజ్జాల దూరం, ఆర్మ్ పొడవు, ఆర్మ్ వంపు మూడూ పక్కపక్కన పెట్టి సరిచూడు. బయటికి ఒకేలా ఉండి ఆర్మ్ వంపు తేడా ఉన్న పంపులు ఉన్నాయి. దుకాణంవాడు "సెట్టవుతాది" అంటే నమ్మి రావొద్దు.

పంపు బాడీ మెత్తటి లోహం. ఎప్పుడో ఎవరో అతిగా బిగించి ఉంటే అంచు వంగి ఉంటుంది. దళసరి గాజు పలక మీద సన్న ఎమిరీ కాగితం పరిచి, ఆ ముఖాన్ని ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా రుద్దితే సమం అవుతుంది. తర్వాత ఒక్క రవ్వ మిగలకుండా కడుగు.

ఇప్పుడు అసలైన మాట. నేను రాసినదాంట్లో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకో. డయాఫ్రం బిగించేటప్పుడు ఆర్మ్‌ను పూర్తిగా నొక్కి పట్టి, డయాఫ్రం కిందికి లాగి ఉన్న స్థితిలో స్క్రూలు బిగించాలి. ముందు స్క్రూలన్నీ చేత్తో తగిలించు. ఆర్మ్ నాలుగు సార్లు ఆడించు, డయాఫ్రం సర్దుకుంటుంది. ఆ తర్వాత ఆర్మ్ చివరిదాకా తోసి ఇంకో మనిషిని పట్టుకోమను. అప్పుడు ఎదురెదురు స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించు. డయాఫ్రం మీద గ్రీజు, గ్యాస్కెట్ బంక ఏదీ పూయొద్దు. బంక పూస్తే అంచు జారి మడత పడుతుంది.

కారణం చెప్తా. డయాఫ్రంను డప్పు తోలులా బిగుతుగా ఉన్నప్పుడే బిగించేస్తే, ఆర్మ్ లాగిన ప్రతిసారీ అది సాగాలి. సాగడానికి చేసింది కాదు అది, మడవడానికి చేసింది. నిమిషానికి వందల సార్లు అట్లా సాగితే పది పదిహేను రోజుల్లో అంచు దగ్గర తెగుతుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఇది తెలియక ఒక బోటు పంపును అట్లాగే బిగించి ఇచ్చాను. రెండు వారాలు తిరగకముందే మళ్లీ పోయింది. అదీ సాయంత్రం గాలి లేచాక, మధ్య నీళ్లలో. శ్రీశైలం డ్యాము నిండి 885 అడుగులకు దగ్గరగా ఉన్న రోజులు. వేసవిలో సంగమేశ్వరం గుడి మెట్లు ఎక్కి దండం పెట్టుకునే చోట అప్పుడు బోట్లు తిరుగుతాయి, అంత నీళ్లు. ఇంకో బోటువాళ్లు చూసి తాడేసి లాక్కొచ్చారు గనక అందరూ ఒడ్డు చేరారు. నా పనికి నా గురువు నన్ను ఒక్క మాట అనలేదు. పంపు నా ముందే విప్పించి, చిరుగు ఎక్కడుందో నా వేలితోనే తడిమించాడు. అప్పటి నుంచి ఆర్మ్ నొక్కి పట్టకుండా ఒక్క స్క్రూ కూడా బిగించలేదు.

పంపును బ్లాకుకు పెట్టేటప్పుడు కామ్ ఎత్తు భాగం అవతలికి ఉండేలా ఇంజను తిప్పుకో. ఆర్మ్ కామ్ మీద సరైన పక్కన కూర్చుంటే పంపు చేత్తో అదిమితే దాదాపు బ్లాకును తాకుతుంది, స్ప్రింగు బరువు మాత్రమే తెలుస్తుంది. వేలెడు సందు మిగిలి ఉండి, బోల్టులతో లాగి దగ్గరికి తేవాల్సి వస్తుంటే ఆపేయి. ఆర్మ్ తప్పు పక్కన కూర్చుంది. బిగిస్తే ఆర్మ్ విరిగి ముక్క ఆయిల్ చాంబర్లో పడుతుంది. మధ్యలో వేసే ప్యాకింగు పాతది ఎంత మందం ఉందో అంతే ఉండాలి. లీకవుతుందని రెండు మూడు వేస్తే ఆర్మ్ కామ్‌కు దూరమై డీజిల్ తగ్గుతుంది.

తర్వాత పాత ఆయిల్ పూర్తిగా దించు, ఆయిల్ ఫిల్టరు మార్చు, కొత్త ఆయిల్ గీత వరకే పోయి. డీజిల్ ఫిల్టరు కూడా ఇప్పుడే మార్చడం మంచిది.

గాలి తీయడం నీకు అలవాటే అనుకుంటా, అయినా వరస చెప్తా. ఫిల్టరు పైనున్న స్క్రూ వదిలి, బుడగలు పోయి నిండు డీజిల్ వచ్చేదాకా లివరు కొట్టు, కొడుతూనే స్క్రూ బిగించు. తర్వాత డీపీఏ పంపు మీద హెడ్ దగ్గరి స్క్రూ, ఆ తర్వాత పైన గవర్నరు మూత మీది స్క్రూ అదే పద్ధతిలో. ఆఖరున రెండు నాజిల్ పైపుల నట్లు వదిలి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి సెల్ఫు కొట్టు. డీజిల్ చిమ్మగానే బిగించు. ఆ చిమ్మే చోట చెయ్యి అడ్డం పెట్టొద్దు, నాజిల్ ప్రెషరుకు డీజిల్ చర్మంలోకి దూరుతుంది. సెల్ఫు ఒకేసారి పదిహేను సెకన్లకు మించి కొట్టొద్దు, మోటారు చల్లారనివ్వు.

ఇదంతా చేసేటప్పుడు కింద బేసిను పెట్టుకో. బోటు అడుగున పడిన డీజిల్‌ను నీళ్లతో కలిపి నదిలోకి తోడి పోయొద్దు తమ్ముడూ. ఈ నీళ్లే పోతిరెడ్డిపాడు గుండా మన పొలాలకూ, తెలుగుగంగ మీదుగా చెన్నై దాకా తాగడానికీ పోతాయి. పీల్చే గుడ్డలతో ఎత్తి డబ్బాలో వేసి ఒడ్డుకు తీసుకురా.

ఇక కరెంటు పంపు. కిట్ దొరకక, పంపు కూడా దొరకక తప్పనిసరై పెట్టాలనుకుంటే పెట్టు. పాత పంపును లైన్లోంచి పూర్తిగా తీసేసి, బ్లాకు బెజ్జాన్ని రేకు, ప్యాకింగుతో మూసేయి. చిరిగిన పాత పంపు లైన్లో ఉంటే కరెంటు పంపు తోసే డీజిల్ ఆ చిరుగులోంచి నేరుగా ఆయిల్ చాంబర్లోకి దిగుతుంది, ముందుకన్నా ఎన్నో రెట్లు వేగంగా. తక్కువ ప్రెషరు పంపే తీసుకో. ట్యాంకుకు దగ్గరగా, ముందు ఒక ఫిల్టరు పెట్టి బిగించు. దాని వైరు ఆయిల్ ప్రెషరు స్విచ్ గుండా పోవాలి. ఇంజను ఏ కారణంతో ఆగినా పంపు కూడా ఆగాలి. పైపు ఊడినా ఆగకుండా కొట్టే పంపు బోటును డీజిల్‌తో నింపుతుంది. నా వరకైతే, మెకానికల్ పంపుకు బ్యాటరీ అక్కర్లేదు, వైరు తుప్పు పట్టదు. నీళ్ల మీద నడిచే బోటుకు అదే మేలనిపిస్తుంది.

పెట్రోలు ఇంజను ఉన్నవాళ్లు ఈ సమాధానం చదివి అచ్చంగా ఇట్లాగే చేయొద్దు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, బోటు అడుగున చేరి కూర్చుంటుంది. పంపు కొద్దిగా కారినా ఒక్క నిప్పురవ్వ చాలు. అక్కడ బోటుకని చేసిన పంపే వాడాలి. వాటిల్లో డయాఫ్రం చిరిగినా పెట్రోలు బయటికి కారకుండా కట్టడి ఉంటుంది, కారు పంపుకు అది ఉండదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. పాతకాలం రబ్బరు డయాఫ్రం దానికి ఉబ్బుతుంది, గట్టిపడుతుంది. ఇథనాల్‌కు పనికొచ్చే కిట్టేనా అని అడిగి కొనండి.

నీ బోటులో ఇకనుంచి ఒక చిన్న డబ్బా ఉంచుకో: ఒక డయాఫ్రం కిట్, నాలుగు రాగి వాషర్లు, మూరెడు డీజిల్ రబ్బరు పైపు, రెండు క్లిప్పులు, సరిపడే పానాలు. క్యాన్లతో డీజిల్ పోసేటప్పుడు సన్నటి జాలి ఉన్న గరాటు వాడు. వారానికోసారి పంపు మూత తీసి కింద నీళ్లు, తుప్పు చేరాయేమో చూడు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది: డిప్‌స్టిక్ మీద పై గీతకు ఎంత ఎత్తున ఉంది, వాసన ఏం వస్తోంది చూసి చెప్పు. పంపును రెండు పక్కల నుంచీ ఫోటో తీసి పెట్టు, ఆర్మ్ కొస కనపడేలా. కింద బెజ్జం ఉన్న రకమా కాదా చూస్తే కిట్ ఏది అడగాలో చెప్తాను. అంతదాకా ఎంత బేరం వచ్చినా ఆ బోటు రేవులోనే ఉంచు.